వయసు మీదికి నెట్టేసిన ఆయాసం



గుండె జబ్బు అనగానే మనకు గుర్తొచ్చేది గుండెపోటు. 2017 మార్చి 12న అప్పటి నంద్యాల శాసనసభ్యుడు భూమా నాగిరెడ్డి ఆళ్లగడ్డలో ఇంట్లోనే కుప్పకూలారు. నంద్యాల ఆసుపత్రికి తీసుకెళ్లినా దక్కలేదు. అప్పటికి ఆయన వయసు 53. ఆ వార్త ఈ చుట్టుపక్కల ఎవరూ మరిచిపోలేదు. గుండెపోటు అంతే, నిమిషాల్లో వస్తుంది, అందరికీ తెలిసేలా వస్తుంది. ఇవాళ నేను మాట్లాడబోయే జబ్బు అలా రాదు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి మనింట్లోనే పెరుగుతుంది. వీధిలోవాళ్లకు తెలియదు, చాలాసార్లు ఇంట్లోవాళ్లకూ తెలియదు. డాక్టర్లు దాన్ని హార్ట్ ఫెయిల్యూర్ అంటారు, పుస్తకాల్లో గుండె వైఫల్యం అని రాస్తారు. మన ఇళ్లల్లో మాత్రం దాని గురించి వినిపించే మాట ఒకటే: "వయసైపోయె, ఇంకేముంటాది లేబ్బా."

ఆ మాట గురించే నా ఫిర్యాదంతా. డెబ్బై ఏళ్ల మనిషికి మోకాళ్లు నొప్పులు పుట్టొచ్చు, చూపు తగ్గొచ్చు. కానీ పడుకుంటే ఊపిరాడకపోవడం, పాదాలు ఉబ్బడం వయసు వల్ల వచ్చేవి కావు. అవి జబ్బు లక్షణాలు, ఆ జబ్బుకు మందుంది. వయసు మీదికి నెట్టేసిన ప్రతి నెలా గుండె ఇంకొంచెం పాడవుతుంది.

అసలేం జరుగుతుందో ముందు చెబుతాను. మనం ఊరికే కూర్చున్నా గుండె నిమిషానికి దాదాపు ఐదు లీటర్ల రక్తాన్ని ముందుకు తోస్తుంది. రోజుకు లక్ష సార్లు కొట్టుకుంటుంది. ఆ తోసే బలం తగ్గినా, లేదా కండరం బిరుసెక్కి రక్తాన్ని సరిగా నింపుకోలేకపోయినా, వెనక నుంచి వచ్చే రక్తం వెనకనే నిలిచిపోతుంది. కేసీ కెనాల్ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది వివరంగా చెప్పక్కర్లేదు. కింది తూము నీళ్లు లాగకపోతే కాలువ నిండుతుంది, గట్టు పక్కనున్న పొలాలు ఊటెత్తుతాయి. గుండె ఎడమ భాగం లాగలేకపోతే ఊట ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, అదే ఆయాసం. కుడి భాగం లాగలేకపోతే కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది, అదే వాపు. దీనికి తోడు మూత్రపిండాలు ఒక పొరపాటు చేస్తాయి. తమ దగ్గరికి రక్తం తక్కువగా రావడం చూసి, ఒంట్లో నీళ్లే తగ్గిపోయాయనుకుని, ఉన్న ఉప్పునూ నీటినీ బయటికి వదలకుండా దాచుకుంటాయి. అసలే నిండి ఉన్న ఒంట్లో ఇంకా నీరు చేరుతుంది.

లక్షణాలు పుస్తకంలో ఉన్నట్టు ఎవరూ వచ్చి చెప్పరు. పెద్దవాళ్లు అసలే చెప్పరు. నిరుడు ఎగువ అహోబిలంలో నరసింహస్వామి గుడి మెట్లు తనంతట తానే ఎక్కినాయన, ఈ ఏడు "మీరు పోయిరాండి, నేను కిందనే కూర్చుంటా" అంటాడు. పొలం గట్టు దాకా నడిచే మనిషి వీధి మలుపు దగ్గరే ఆగిపోతాడు. అడిగితే, "రెండడుగులేస్తే ఎగపోస్తాంది" అంటాడు. జేజి రాత్రి పడుకున్న గంటకో రెండు గంటలకో లేచి, కిటికీ దగ్గరకు పోయి కూర్చుంటుంది, నిద్ర పట్టలేదంటుంది. ఒక దిండు చోట రెండు, రెండు చోట మూడు వేసుకుంటుంది. రాత్రిపూట పొడి దగ్గు వస్తుంది, దగ్గు సిరప్పు తాగినా తగ్గదు. సాయంత్రానికి చెప్పుల పట్టీ పాదం మీద అచ్చు పడుతుంది. కాలి మీద వేలితో నొక్కితే గుంట పడి, కాసేపటి దాకా పూడదు. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందంటారు. గ్యాస్ అనుకుని సోడా పొడి తాగుతారు. ఆ సోడా పొడిలో ఉన్నదీ సోడియమే, అంటే ఉప్పులో ఉండే పదార్థమే.

ఎనభై దాటినవాళ్లలో ఈ మాత్రం గుర్తులు కూడా కనపడకపోవచ్చు. ఆయాసం రావాలంటే ముందు నడవాలి కదా. నడకే మానేసిన మనిషికి ఆయాసం ఎలా తెలుస్తుంది? అలాంటివాళ్లలో నీరసం, అన్నం మీద విసుగు, ఉన్నట్టుండి మాటల్లో తడబాటు, పగలంతా మగత, ఇవే తొలి గుర్తులు కావొచ్చు. ఇంట్లోవాళ్లు మతిమరుపు మొదలైందనుకుంటారు. గుండె వైపు ఎవరి దృష్టీ పోదు.

ఈ జబ్బు ఎందుకొస్తుంది? మన దేశంలో మొదటి కారణం గుండెకు రక్తం తెచ్చే నాళాలు పూడిపోవడం. 2019, 2020 సంవత్సరాల్లో దేశంలోని 53 ఆసుపత్రులు కలిసి హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరిన పదివేల మందికి పైగా రోగుల వివరాలు సేకరించాయి. దాన్ని జాతీయ హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీ అంటారు. అందులో నూటికి 72 మందికి మూలకారణం రక్తనాళాల పూడికే. అంటే గుండెపోటు నుంచి బయటపడి ఇంటికొచ్చిన మనిషి కథ అక్కడితో అయిపోలేదన్నమాట. గుండెపోటులో చచ్చిపోయిన కండరం మళ్లీ పుట్టదు, మిగిలిన కండరమే బరువంతా మోస్తుంది. కొన్నేళ్లు మోసి అలసిపోతుంది. అందుకే గుండెపోటు వచ్చిన తొలి గంటలకు అంత విలువ. నాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ సూదిమందును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే కార్యక్రమం 2023లో మొదలైంది. ఛాతీలో నొప్పి పుట్టగానే, తెల్లవారనీ చూద్దాం అనుకోకుండా 108కు ఫోన్ చేసిన మనిషి, ఆ రాత్రి ప్రాణాన్నే కాదు, పదేళ్ల తర్వాతి ఊపిరిని కూడా కాపాడుకుంటున్నాడు.

ఆ రిజిస్ట్రీలో నన్ను ఆపేసిన అంకె ఇంకొకటుంది. రోగుల సగటు వయసు 60. అమెరికాలో, ఐరోపాలో ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరేవాళ్లు సగటున డెబ్బై దాటినవాళ్లు. మనవాళ్లకు పదేళ్లు ముందే వస్తోంది. ఇంటి బరువు దించుకుని కాస్త కూర్చుందామనుకునే వయసు అది. మన పల్లెల్లో ఆ వయసులో ఎవరూ కూర్చోరు కూడా. చేను, గొడ్లు, మనవళ్లు, అన్నీ ఉంటాయి.

రెండో పెద్ద కారణం బీపీ. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊరిలో 1948 నుంచి అక్కడి జనం గుండె ఆరోగ్యాన్ని తరతరాలుగా పరిశీలిస్తున్నారు. అక్కడ హార్ట్ ఫెయిల్యూర్ వచ్చినవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి అంతకుముందే బీపీ ఉన్నట్టు తేలింది. ఎత్తు బీపీకి ఎదురు తోసి తోసి గుండె గోడలు మందమెక్కుతాయి, బిరుసెక్కుతాయి. ఇలాంటి గుండెకు ఎకో పరీక్ష చేస్తే పంపింగ్ 55, 60 శాతం, అంటే మామూలుగానే ఉంటుంది. రిపోర్టు చూసి "పంపింగ్ బాగానే ఉంది, ఏం లేదు" అని పంపేయడం జరుగుతుంది. కానీ మనిషికి ఆయాసం ఉంది. ఎందుకంటే ఈ గుండె తోయగలదు గానీ నింపుకోలేదు. పెద్ద వయసు వాళ్లలో, అందులోనూ బీపీ, షుగరు, లావు ఉన్న ఆడవాళ్లలో ఈ రకమే ఎక్కువ. పంపింగ్ అంకె బాగుందని అమ్మ ఆయాసాన్ని కొట్టిపారేయకండి, గుండె మీద ఒత్తిడిని పట్టిచ్చే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి.

మిగిలిన కారణాల్లో కొన్ని మన చుట్టూ కనపడేవే. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరం గుండె కవాటాలను పాడుచేసి, ఎన్నో ఏళ్ల తర్వాత బయటపడుతుంది. లయ తప్పిన నాడి, తగ్గిపోయిన రక్తం, థైరాయిడ్, మూత్రపిండాల జబ్బు, ఏళ్ల తరబడి తాగుడు, ఇవన్నీ గుండెను లాగేసేవే. ఒకటి మాత్రం ఆళ్లగడ్డలో నిలబడి చెప్పాల్సింది. ఈ ఊరి శిల్పులు చెక్కిన దేవతామూర్తులు ఎన్నో ఊళ్ల గుళ్లలో ఉన్నాయి. రాయిని కోసినప్పుడు, నునుపు పట్టినప్పుడు లేచే దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. రాయిలో సిలికా ఎంత ఎక్కువుంటే అంత హాని. గట్టిపడిన ఊపిరితిత్తుల్లోకి రక్తం తోయలేక గుండె కుడి భాగం ఉబ్బిపోతుంది. ఉలితో చెక్కిన రోజుల్లో కంటే కరెంటు కటింగ్ మిషన్లు వచ్చాక సన్న దుమ్ము ఎక్కువ లేస్తుంది. నీళ్లు చల్లుతూ కోయడం, సరైన మాస్కు పెట్టుకోవడం చిన్న పనులే. కానీ వేడికీ ఉక్కకూ మాస్కు తీసేస్తారు. ఇదే నష్టం కట్టెల పొయ్యి ముందు నలభై ఏళ్లు కూర్చున్న అవ్వలకూ ఉంది. బీడీ ముట్టకపోయినా, పొగ వాళ్లను వదల్లేదు.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడాలి. గుండె బలహీనపడటానికి కారణాలు చాలా ఉండొచ్చు గానీ, బలహీనపడిన గుండెను ఆసుపత్రి మంచం దాకా తోసేవి చాలావరకు మన చేతుల మీదుగా జరిగేవే.

మొదటిది సెలైన్. పెద్దాయనకు నీరసంగా ఉంది, అన్నం సరిగా తినడం లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరకు తీసుకుపోతారు. "ఒక బాటిల్ ఎక్కించండి సార్, బలం వస్తాది" అని మనమే అడుగుతాం. ఎక్కించకపోతే ఆయనకు వైద్యం రాదని ఇంకొకరి దగ్గరకు పోతాం. అర లీటరు సెలైన్ సీసాలో ఏముంటుందో చెబుతాను. నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంతే. మనిషి రోజంతా తినే ఉప్పు ఐదు గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దాదాపు అంత ఉప్పునూ గంటలో నేరుగా రక్తంలోకి పంపుతున్నాం, అదీ ఉప్పును బయటికి పంపలేని ఒంటికి. పోనీ గ్లూకోజ్ బాటిల్ అంటే, అర లీటరులో ఉండేది 25 గ్రాముల చక్కెర. ఒక గ్లాసు తియ్యటి టీలో, రెండు బిస్కెట్లలో వచ్చే బలం కంటే అది పెద్ద ఎక్కువ కాదు. పగలు బాటిల్ ఎక్కించుకుని, రాత్రి రెండు గంటలకు నోటి వెంట నురగ వస్తూ ఊపిరాడక ఆసుపత్రికి వచ్చే పెద్దవాళ్లుంటారు. వాంతులు, విరేచనాలు అయి నీళ్లు తగ్గిన మనిషికి సెలైన్ ప్రాణం పోస్తుంది, కాదనను. నీరసానికి మాత్రం అది మందు కాదు. కాళ్లు ఉబ్బి ఉన్న మనిషికైతే విషమే.

రెండోది మోకాళ్ల నొప్పి మాత్రలు. అరవై దాటిన రైతుకు, కూలీకి మోకాళ్లు నొప్పి పుట్టకుండా ఉండవు. మందుల షాపులో అడిగితే రెండు మాత్రలు చించి ఇస్తారు. డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్, పేరేదైనా ఈ జాతి మాత్రలన్నీ మూత్రపిండాల మీద పనిచేసి ఉప్పునూ నీటినీ ఒంట్లోనే నిలబెడతాయి. డాక్టరు ఇచ్చిన నీరు మాత్ర ఒకవైపు లాగుతుంటే, ఇవి ఇంకోవైపు లాగుతాయి. కొన్నిచోట్ల వీటితో పాటు స్టెరాయిడ్ మాత్ర కలిపిన పొట్లాలు ఇస్తారు. వేసుకోగానే ఆకలి వేస్తుంది, నొప్పులు పోతాయి, ముఖం నిండుగా కనిపిస్తుంది. ఆ నిండు నీరు పట్టడమే. గుండె జబ్బున్నవాళ్లకు నొప్పికి పారాసెటమాల్ మేలు, పైపూత మందులు మేలు. షాపులో ఏది కొన్నా "నాకు గుండె బలహీనంగా ఉంది, నాకిది పడుతుందా" అని ఒక్క మాట అడగండి.

మూడోది ఉప్పు. ఇక్కడ నేను ఓడిపోతానని తెలిసీ మాట్లాడుతున్నాను. రాయలసీమ మనిషికి ఉప్పూ కారం తగ్గించమని చెప్పడం తేలిక కాదు. పొద్దున ఉగ్గాని, బజ్జీ. ఉగ్గానిలో వేసే బొరుగులను వేయించేటప్పుడే ఉప్పు నీళ్లు పట్టిస్తారు, అది చాలామందికి తట్టదు. మధ్యాహ్నం జొన్నరొట్టె పక్కన ఎర్రకారం, సంకటి పక్కన ఊరిమిండి, మజ్జిగలోకి ఊరమిరపకాయ, పైన అప్పడం. ఇంట్లో "కూరలో ఉప్పు తగ్గించినాం సార్" అంటారు, నిజమే చెబుతారు. కానీ చప్పగా ఉన్న కూరకు పెద్దాయన రెండు ముక్కల మామిడికాయ ఊరగాయ వేసుకుంటాడు. కూర మీద మిగిల్చిన ఉప్పంతా అక్కడ ఖర్చయిపోతుంది. నా సలహా ఏమంటే, కారం మీద కాదు, ఉప్పు మీద పోట్లాడండి. నిమ్మరసం, చింతపండు పులుసు, వెల్లుల్లి, మిరియాలు, కొత్తిమీర, ధనియాల పొడి, ఇవి నాలుకను ఒప్పిస్తాయి. మార్కెట్లో దొరికే తక్కువ సోడియం ఉప్పు జోలికి మాత్రం డాక్టరును అడగకుండా పోవద్దు. అందులో సోడియం చోట పొటాషియం ఉంటుంది, ఈ జబ్బుకు ఇచ్చే కొన్ని మందులు వేసుకునేవాళ్లకు రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

నాలుగోది కూడా ఉంది, తగ్గింది కదా అని మందులు మానేయడం. దాని గురించి మందుల దగ్గర చెబుతాను.

ఈ జబ్బు గుండెతో ఆగదు. రక్తం చాలక మూత్రపిండాలు నీరసపడతాయి, క్రియాటినిన్ పెరుగుతుంది. నీరు నిలిచి కాలేయం ఉబ్బుతుంది, పేగులు ఉబ్బి తిన్నది ఒంటపట్టదు. కండ కరిగిపోతుంది. కాళ్లు లావుగా ఉండి చేతులు, భుజాలు సన్నబడిన మనిషిని చూసి, తూకంలో తేడా లేదు కదా అని మోసపోతాం. దిగులు పట్టుకుంటుంది. రాత్రిళ్లు ఊపిరాడక లేచిన మనిషికి మంచం అంటేనే భయం పుడుతుంది. ఆ భయాన్ని పెద్దవాళ్లు ఎవరికీ చెప్పుకోరు, విసుగుగా మారుస్తారు, ఇంట్లోవాళ్ల మీద చూపిస్తారు.

ఇక భారం. ప్రపంచంలో ఆరు కోట్లకు పైగా మంది ఈ జబ్బుతో బతుకుతున్నారని లెక్క. కానీ ఆ భారం తెలియాలంటే అంకెలు చూడటం కాదు, ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సెక్కాలి. దూరం దాదాపు 40 కిలోమీటర్లు. అక్కడి నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి ఇంకో 70 కిలోమీటర్ల పైచిలుకు. ఆయాసపడే మనిషి ఒంటరిగా పోలేడు, తోడు ఒకరు కావాలి. తోడు పోయినవాళ్లకు ఆ రోజు కూలి పోతుంది. చేరిస్తే వారం, పదిరోజులు. నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా అయింది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. దారి కొంత దగ్గరైంది, కాదనలేం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ, స్టెంటుకూ ఆపరేషన్‌కూ పేదవాడికి అండగా నిలబడింది. కానీ ఈ జబ్బులో ఖర్చు ఒక్కసారి వచ్చి పోయేది కాదు. నెలనెలా మందులు, రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్షలు, ఏడాదికోసారి ఎకో. అది చాలా ఇళ్లలో జేబులోంచే పోతుంది. పింఛను డబ్బులు వచ్చిన వారంలో మందులు కొని, నెలాఖరులో రోజు మార్చి రోజు వేసుకునేవాళ్లున్నారు.

డబ్బు లెక్కలోకి రాని భారం ఇంకొకటుంది. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. ఇంట్లో ఉండేది భార్యో, కోడలో. రాత్రి లేచి దిండ్లు సర్దేది, ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి అని గుర్తు పెట్టుకునేది, చప్పటి కూర చేసి తిట్లు తినేది ఆమె. గుండె జబ్బు మగవాళ్ల జబ్బని మనకొక నమ్మకం ఉంది కదా, ఇందాక చెప్పిన జాతీయ రిజిస్ట్రీలో ఆడవాళ్లు నూటికి 31 మందే. ఆడవాళ్లకు జబ్బు తక్కువని దీనికి అర్థం చెప్పుకోవడానికి నాకు మనసొప్పదు. ఆయాసపడే అవ్వను ఆసుపత్రి దాకా తెచ్చేవాళ్లు తక్కువని కూడా కావొచ్చు. ఆయాసపడే తాతకు చాకిరీ చేసే అవ్వకు తన పాదాలు ఉబ్బినా చూసుకునే తీరిక ఉండదు.

మందుల సంగతికి వద్దాం. ఇంగ్లండులో విలియం విథరింగ్ అనే వైద్యుడు 1785లో డిజిటాలిస్ మొక్క గురించి పుస్తకం రాశాడు. ఒళ్లు నీరు పట్టినవాళ్లకు ఆ ఆకు పనిచేస్తోందని గమనించి రాసిన పుస్తకమది. ఆ తర్వాత రెండు వందల ఏళ్ల దాకా ఈ జబ్బుకు వాపు తగ్గించడం తప్ప పెద్దగా చేయగలిగింది లేదు. గత నలభై ఏళ్లలో పరిస్థితి మారిపోయింది. ఇవాళ పంపింగ్ తగ్గిన గుండెకు నాలుగు జాతుల మందులున్నాయి. సాకుబిట్రిల్-వాల్సార్టాన్ లేదా రామిప్రిల్ లాంటివి ఒకటి, మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్విడిలాల్ రెండోది, స్పైరనోలాక్టోన్ మూడోది, మొదట షుగరుకు కనిపెట్టిన డాపాగ్లిఫ్లోజిన్ జాతి నాలుగోది. ఈ నాలుగూ ఆయుష్షును పెంచుతాయని పెద్ద పరీక్షల్లో రుజువైంది. పంపింగ్ బాగుండి ఆయాసపడే పెద్దవాళ్లకు కూడా నాలుగో జాతి మందు ఆసుపత్రిలో చేరే అవసరాన్ని తగ్గిస్తుందని 2021, 2022లో తేలింది. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ మొదటి పేటెంటు 2020లో, సాకుబిట్రిల్-వాల్సార్టాన్ మొదటి పేటెంటు 2023లో ముగిశాయి. మన కంపెనీలే తయారుచేయడంతో ధరలు బాగా దిగాయి. జనరిక్ షాపుల్లో, జన ఔషధి కేంద్రాల్లో అడిగి చూడండి.

ఇంత ఉండి కూడా జరుగుతున్నదేమిటంటే, అదే జాతీయ రిజిస్ట్రీలో పంపింగ్ తగ్గిన రోగుల్లో సరైన మందుల కలయిక అందింది సగం మందికి లోపే. తొంభై రోజులు గడిచేసరికి మొత్తం రోగుల్లో నూటికి 14 మంది చనిపోయారు. మందు లేక పోయిన ప్రాణాలు కావన్నీ. మందు ఉండి, అందక పోయినవి కూడా అందులో ఉండొచ్చు.

నీరు మాత్ర వేరు, ఈ నాలుగు వేరు. ఫ్రూసిమైడ్, టార్సిమైడ్ లాంటి నీరు మాత్ర రెండు రోజుల్లో వాపు లాగేస్తుంది, అందుకే దాని మీద అందరికీ గురి. తక్కిన మాత్రలు వేసుకున్నా వేసుకోకపోయినా ఆ వారం తేడా తెలియదు. కాబట్టి డబ్బు తక్కువైనప్పుడు మొదట మానేసేది వాటినే. ప్రాణం నిలబెట్టేది అవే. ఒక్కొక్కటి కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, బీపీనీ క్రియాటినిన్‌నూ పొటాషియంనూ చూసుకుంటూ పెంచాలి. పెద్దవాళ్లలో కళ్లు తిరగడం, పడిపోవడం జరగొచ్చు, అప్పుడు డాక్టరుకు చెప్పి సర్దుకోవాలి, మానేయకూడదు.

ఇంట్లో చేయాల్సిన పనుల్లో నేను అన్నిటికంటే ముందు చెప్పేది తూకం మిషన్. ఖరీదైన వస్తువు కాదు. పొద్దున లేచి, మూత్రానికి పోయి వచ్చి, ఏమీ తినకముందు, రోజూ ఒకే రకం బట్టలతో తూగాలి. పాత క్యాలెండరు మీదే ఆ అంకె రాసి పెట్టండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, కొవ్వు కాదు, నీరు. కాళ్లలో వాపు కనపడకముందే తూకం చెబుతుంది. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేస్తే ఒక మాత్ర పెంచడంతో పోతుంది, వారం ఆగితే ఆసుపత్రి మంచం దాకా పోతుంది.

మన ఎండల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నంద్యాలలో వేసవిలో 45 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు. ఈ జబ్బున్నవాళ్లకు నీళ్లు కొలతగా తాగమని చెబుతారు, కొందరికి రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు అని. మేలో కూడా అదే కొలత పట్టుకుని, అదే మోతాదు నీరు మాత్ర వేసుకుంటే ఒంట్లో నీళ్లు మరీ తగ్గిపోయి, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోతారు. తూకం వరసగా తగ్గుతున్నా, మూత్రం చిక్కబడినా, నీరు మాత్ర మోతాదు మార్చాలేమోనని డాక్టరును అడగాలి. ఓఆర్‌ఎస్ పొట్లాలూ ఉప్పు వేసిన మజ్జిగా సొంతంగా మొదలుపెట్టవద్దు, వాటిలోనూ ఉప్పుంది. పగటి ఎండలో బయటికి పోకుండా ఉండటమే అన్నిటికంటే మంచి మందు.

ఏటా ఫ్లూ టీకా, ఒకసారి న్యుమోనియా టీకా గురించి అడగండి. మామూలు జలుబు, దగ్గు కూడా ఈ గుండెలను ఆసుపత్రికి పంపుతాయి. ఒళ్లు స్థిమితంగా ఉన్నప్పుడు చల్లపూట నడవాలి, మాట్లాడుతూ నడవగలిగినంత మేర చాలు. మంచం పట్టించి కూర్చోబెట్టడం సేవ కాదు.

చివరిగా, ఎవరూ రేడియోలో మాట్లాడటానికి ఇష్టపడని విషయం. ఎన్ని మందులు వాడినా కొందరికి జబ్బు ముదురుతుంది. నెలకోసారి ఆసుపత్రి, ఐసీయూ, అప్పులు. అలాంటప్పుడు పెద్దాయన ఏం కోరుకుంటున్నాడో ఆయన్నే అడగాలి. మనవాళ్లు పిల్లల్నడుగుతారు, అల్లుణ్నడుగుతారు, రోగినడగరు. ఊపిరి తేలికపడేలా, నొప్పి లేకుండా ఇంట్లోనే చూసుకునే వైద్యం ఉంది, దాన్ని ఉపశమన వైద్యం అంటారు. అడగడం ఓటమి కాదు. అప్పు చేసి హైదరాబాదు తీసుకుపోకపోతే ఊళ్లో మాట పడుతుందన్న భయంతో చివరి రోజులను ఐసీయూ గాజు తలుపు వెనక గడిపించడం నాకు న్యాయంగా తోచదు.

ఈ ప్రసంగం విన్నవాళ్లు ఒక పని చేయండి. ఇంట్లో అరవై దాటినవాళ్లుంటే ఇవాళ రాత్రి వాళ్ల కాలి మీద, చీలమండ పైన ఎముక దగ్గర, బొటనవేలితో కాసేపు నొక్కి చూడండి. గుంట పడిందంటే, పడుకుంటే ఆయాసం వస్తోందంటే, వాళ్లు వాడే మందులన్నీ, షాపులో కొన్న నొప్పి మాత్రలతో సహా ఒక సంచిలో వేసుకుని, ఈ వారంలోనే ఆళ్లగడ్డ ప్రభుత్వాసుపత్రికో, నంద్యాలకో తీసుకుపోండి. ఈసీజీ, ఎకో చేయించమని అడగండి. కూర్చున్నా ఊపిరాడని స్థితి అయితే వారం దాకా ఆగవద్దు, 108కు ఫోన్ చేయండి. పోయేముందు గానీ, దారిలో గానీ బాటిల్ మాత్రం ఎక్కించకండి.